ఏటవాలు కోత

అత్తగారి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిన రోజే, వీధిలో మురుగుకాలువ తవ్వడానికి మేస్త్రీ సున్నంతో గీత గీశాడు. ఆ గీత తిన్నగా వచ్చి నర్సరీ గేటు పక్కనున్న కాగితప్పూల చెట్టు మొదట్లోంచి పోయింది. విరిగిన చేతి గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. చెట్టు గురించి మాత్రం మేస్త్రీని, గీత గీసినవాణ్ణి, చివరికి వాళ్ళకి సున్నం అమ్మినవాణ్ణి కూడా వదలకుండా కడిగిపారేసింది.

అది మామూలు కాగితప్పూల చెట్టు కాదు మరి. పువ్వు విచ్చినప్పుడు తెల్లగా ఉంటుంది. పాతబడేకొద్దీ రంగు దిగాల్సింది పోయి, బాగా తోమిన రాగిచెంబులా తయారవుతుంది. కొనేవాళ్ళు ‘రాగిపూల మొక్క’ అని అడిగి తీసుకుపోతారు. దాని కొమ్మలు ఒక పట్టాన వేరు పట్టవు. పట్టినవాటిని ఆవిడ ఎప్పటికప్పుడు పై ఊళ్ళవాళ్ళకి ఇచ్చేసేది. తల్లి గుమ్మంలో ఉండగా పిల్లల్ని దాచుకోవడం ఎందుకన్నది ఆవిడ లెక్క. ఇప్పుడు వెతికితే నర్సరీ మొత్తంలో ఒక్క పిల్లమొక్క లేదు.

మేస్త్రీ మంచివాడే. “వేళ్ళు గోడ కిందికి పోయాయమ్మా, పెకలించి వేరేచోట పెడదామన్నా బతకదు. ఎల్లుండి యంత్రం వస్తుంది. ఈలోగా ఎన్ని కొమ్మలు కావాలంటే అన్ని కోసుకోండి” అని చెప్పి, ఇంకో తిట్టు పడకముందే వెళ్ళిపోయాడు.

కోసుకోండి అనడం బాగానే ఉంది. కొయ్యాల్సిన చేతికి మోచేతి దాకా కట్టు. కూతురు అమ్మకాలు చూసుకుంటుంది గాని, దానికి కత్తెర ఇస్తే కొమ్మల్ని జుట్టు కత్తిరించినట్టు కత్తిరిస్తుందని తల్లికే కాదు, కూతురికి కూడా తెలుసు. ఇక మిగిలింది అల్లుడు.

అల్లుడు వడ్రంగి. చెక్కపని తగ్గిపోయాక ఈ ఇంటికే వచ్చేసి నర్సరీలో సాయంగా ఉంటున్నాడు. మొక్కల బల్లలన్నీ అతను చేసినవే, నీడ పందిరి అతను వేసిందే. కుండీలు మోస్తాడు, మట్టి జల్లిస్తాడు, నీళ్ళు పెడతాడు. కొమ్మ గుచ్చడం మాత్రం అతని చేత చేయించరు. “మనిషి బంగారం. హస్తవాసే, మొక్కలకి పనికిరాదు” అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంటుంది. చెప్పడంలో కోపం ఉండదు, ఎకసెక్కమూ ఉండదు. ఫలానావాడికి కళ్ళజోడు ఉంది అన్నంత మామూలుగా చెబుతుంది. అందుకే అతనికి ఎక్కువ బాధ. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ఇలా జాలిగా అనేదానికి ఏం జవాబు చెప్తాడు?

“ఏమే, మీ ఆయనకి చెప్పు. పొద్దున్నే కత్తెర నూరుకొమ్మను” అంది అత్తగారు ఆ సాయంత్రం.

ఆ ‘మీ ఆయన’ అక్కడే, చేతికి అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు.

“ఏమండీ, పొద్దున్నే కత్తెర నూరుకోవాలట” అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడదు. మర్యాద అంటే అదేనని ఆవిడ నమ్మకం. మంచినీళ్ళు కావాలన్నా, పందిరికి చిల్లు పడిందన్నా కూతురి మీదుగానే. కూతురు లేకపోతే గాలికి చెబుతుంది, దగ్గర్లో ఉన్న మొక్కకి చెబుతుంది. అతను ఆ మొక్క పక్కన నిలబడి వింటాడు.

పొద్దున్న అందరూ లేచేసరికి అతను కత్తెర నూరడం అయిపోయింది. రాతిమీద నూరి, తోలుమీద రాసి, పాత కాగితం మీద పరీక్షించి చూశాడు. కాగితం చప్పుడు లేకుండా రెండయింది. చెట్టు కింద కుర్చీ వేసుకుని, మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని, అత్తగారు సిద్ధంగా కూర్చుంది.

“మరీ లేతది వద్దని చెప్పవే. మరీ ముదురూ వద్దు. పెన్సిలంత లావున్నది చూసుకొమ్మను. ప్రతి ముక్కకీ నాలుగు కణుపులైనా ఉండాలి. ఆకులు దూసెయ్యమను. ఒక చివర ఏటవాలుగా, ఒక చివర తిన్నగా కొయ్యమను.”

“విన్నారుగా” అంది భార్య.

విన్నాడు. నిచ్చెన ఎక్కి కొమ్మలు దింపాడు. ముళ్ళు చేతుల్ని గీరుతున్నా తొడుగులు వేసుకోలేదు. తొడుగు వేసుకుంటే కొమ్మ లావు వేళ్ళకి తెలియదు. కింద కూర్చుని ఒక్కొక్క కొమ్మా ముక్కలు చేస్తుంటే, ఎంతకాలానికి తన చేతికి అసలైన పని వచ్చిందో అనిపించి ఒళ్ళంతా తేలికపడింది. కణుపుకి కాస్త కిందగా కత్తెర ఒరగబెట్టి ఒక నొక్కు. అది ఏటవాలు. పైన తిన్నగా ఇంకో నొక్కు. కోత ఎక్కడా చితకలేదు, తొక్క లేవలేదు. ముక్కలన్నీ ఒకే పొడవు. కట్టలు కట్టి పక్కన పేర్చాడు.

అత్తగారు ఒక కట్ట ఎడంచేత్తో ఎత్తి, చివర్లు కంటి దగ్గర పెట్టుకుని చూసింది.

“కోత బాగుందే” అంది, కూతురితో.

ఆ మాట అతనికి అన్నం పెట్టినట్టయింది. ఆ ఊపులో నోరు జారాడు. “నేను గుచ్చేస్తానులెండి, అత్తయ్యగారూ. మీ చెయ్యి బాగోలేదు కదా.”

అత్తగారు చెట్టువైపు చూస్తూ అంది: “కొయ్యడం ఎవరైనా కోస్తారు. గుచ్చే చెయ్యి వేరు. ఆఖరి కొమ్మలివి. ఇప్పుడు కూడా పరీక్షలు పెట్టుకుంటామా? పెళ్ళయిన కొత్తలో ఒక కట్ట ఇస్తే ఏమైందో మనం చూడలేదా?”

ఆ కట్ట మొత్తం ఎండిపోయిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నిజానికి వీధిలో కూడా అందరికీ తెలుసు. భార్య అతని మొహం చూసి, “అమ్మా, నీ ఒక చెయ్యి పోయింది గాని నోరు బాగానే ఉంది” అంది.

“అది కూడా పోతే మీరు బతకగలరా?” అంది ఆవిడ.

ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి అతనే కవర్లు నింపాడు. అత్తగారు పీట మీద కూర్చుని, ఎడంచేత్తో ఒక్కొక్క ముక్కా అందుకుని, వేరుపట్టే పొడిలో చివర అద్ది, రెండు కణుపులు మునిగేలా గుచ్చి, బొటనవేలితో చుట్టూ అదిమింది. ఎడంచెయ్యి కదా, ప్రతిదానికీ నాలుక బయటపెట్టి మరీ తంటాలు పడింది. చివరి కవరు అయ్యేసరికి ఆవిడ నడుం పట్టేసింది. అయినా కవర్ల వరసలు చూసుకుని, “ఇక పోతే పోనీ, చెట్టు” అంది. అన్నాక కళ్ళు తుడుచుకుంది. ఆ పని కూడా ఎడంచేత్తోనే.

మర్నాడు యంత్రం వచ్చింది. అత్తగారు లోపల గదిలో కూర్చుని రేడియో పెద్దగా పెట్టుకుంది. చెట్టు పడడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు ఊపులకి గోడపక్క నుంచి లేచి పక్కకి ఒరిగింది. తెల్లపూలూ రాగిపూలూ రోడ్డంతా చిమ్మాయి. కూలీలు వేళ్ళూ కొమ్మలూ ఒకేచోట తొక్కిపెట్టి ట్రాక్టరులోకి ఎక్కించి తీసుకుపోయారు. మేస్త్రీ మాత్రం ఒక రెమ్మ విరిచి అల్లుడి చేతిలో పెట్టి, “అమ్మగారికి ఇవ్వండి. నేను ఇస్తే మళ్ళీ మొదలుపెడుతుంది” అన్నాడు.

రెమ్మ లోపల ఇచ్చేముందు అతను ఊరికే దాన్ని చేతిలో తిప్పాడు. చెక్క పట్టుకునే చేతులు, ఏది దొరికినా పోగు ఎటు పోతోందో చూడకుండా ఉండవు. ప్రతి కణుపు దగ్గరా ఆకు ఉన్నచోట ఆకు కింద, దాని పైన ముల్లు. ఆకు రాలినచోట చిన్న మచ్చ, దాని పైన ముల్లు. రెమ్మ పొడవునా అదే వరస. ఎక్కడా తప్పలేదు.

మధ్యాహ్నం పందిట్లో నీళ్ళు చల్లుతుంటే, గుచ్చిన కొమ్మల మీద అతని చూపు నిలిచిపోయింది. మొదటి కవర్లో ముల్లు కింద ఉంది, మచ్చ దాని పైన ఉంది. రెండో కవర్లోనూ అంతే. వరస చివరిదాకా నడిచాడు. నీళ్ళ డబ్బా కింద పెట్టి, వంగి, ఒక కొమ్మ పైచివర వేలితో తడిమాడు. ఏటవాలుగా ఉంది. తను మొక్క మొదలు కోసమని కోసిన ఏటవాలు ఆకాశంలోకి చూస్తోంది.

అన్నీ తలకిందులు.

బయట చెట్టు లేదు. మళ్ళీ కోద్దామంటే ఒక్క కొమ్మ లేదు. తర్వాత నెమ్మదిగా ఇంకో సంగతి వెలిగింది. పెళ్ళయిన కొత్తలో ఆ కట్ట కోసింది ఆవిడ. గుచ్చింది తను. మొన ఉన్నది దిగడానికే కదా అని, ఎవరినీ అడక్కుండా ఏటవాలు కిందికి పెట్టి గుచ్చాడు. ఆవిడ ఏటవాలు పైకి ఉండాలని కోసింది.

భార్య కొట్లో విత్తనాల పొట్లాలు సర్దుతోంది. వెళ్ళి చెప్పాడు.

“అన్నీనా?” అంది.

“అన్నీ. ఒక్కటి కూడా పొరపాటున సరిగ్గా పడలేదు. మీ అమ్మ చాలా శ్రద్ధగా గుచ్చింది.”

ఆమెకి ముందు నవ్వొచ్చింది. పొట్లాలు వదిలేసి బస్తా మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను పాత కట్ట సంగతి చెప్పాక నవ్వు ఆగిపోయింది.

“అంటే ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఊరికే అన్నట్టేగా. ఉండండి, ఇప్పుడే అడుగుతాను దాన్ని.”

అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఇవాళ ఆవిడకి చెట్టు పోయింది. గుచ్చిన చెయ్యి కూడా తప్పని ఇవాళే చెప్పాలా? రెండ్రోజులకి ఏం కాదు, ఇంకా వేరు రాదు. పొద్దున్నే ఆవిడ లేవకముందే నేను అన్నీ తిప్పేస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు.”

“మీ పేరు?”

“మొక్కలు బతికితే చాలు” అన్నాడు. కొంచెం అబద్ధమే. ఆమె నమ్మలేదు. అలాగని మాట జవదాటలేదు.

యంత్రం అదురుకి పందిరి వల ఒకవైపు ఊడింది. సాయంత్రం అతను వెదురు ముక్కలు తీసుకుని, మొనలు చెక్కి, వల అంచున నేలలోకి కొడుతూ కూర్చున్నాడు. అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుంది. రేడియో పెట్టలేదు. రెమ్మని గ్లాసులో నీళ్ళు పోసి పక్కన పెట్టుకుంది. అల్లుడు మేకు చెక్కడం, తిప్పడం, మొన నేలకి ఆనించడం, సుత్తి దెబ్బ. మళ్ళీ ఇంకోటి. ఆవిడ చాలాసేపు చూసింది. కాఫీ చల్లారిపోయింది, తాగలేదు. చెట్టు మీద బెంగ అనుకున్నారు భార్యాభర్తలిద్దరూ.

తెల్లవారుతుండగా అతను చెప్పులు చేత్తో పట్టుకుని పందిట్లోకి వెళ్ళేసరికి, లోపల పీట మీద అత్తగారు కూర్చుని ఉంది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో, ఊడబెరికిన కొమ్మ ఎడంచేతిలో. మొదటి వరసలో కొన్ని కవర్లు అప్పటికే ఖాళీ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యలో కూతురు లేదు. ఆవిడ పక్కనున్న మొక్కల వైపు చూసింది గాని, ఏ మొక్కతోనూ మాట్లాడలేదు.

“లోపలికి రండి. ఆ చెప్పులు వేసుకోండి, ముళ్ళున్నాయి” అంది.

అతను వేసుకున్నాడు.

“మీరు మొన మొదలువైపు పెట్టి కోశారు.”

“అవునండీ.”

“ఎటువైపు పెట్టాలో అడగొచ్చు కదా?”

“మీరూ చెప్పొచ్చు కదండీ.” అనేశాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు.

ఆవిడ కళ్ళెత్తి చూసింది. “ఎవరికి చెప్పను? మీ ఆవిడకేగా చెప్పేది. అయినా అది కూడా చెప్పాల్సిన సంగతా? ఏటవాలు పైనుంటే వాన నీళ్ళు నిలవవు, కొమ్మ కుళ్ళదు. మా అమ్మ అలాగే కోసేది.”

“మొన ఉన్నది దిగడానికనుకున్నానండీ. మా పనిలో అంతే.”

“నిన్న సాయంత్రం మీరు మేకులు కొడుతుంటే తెలిసింది నాకు. ఒక్క మేకైనా తలకిందులుగా కొడతారేమోనని చూస్తూ కూర్చున్నాను. కొట్టలేదు.” ఆవిడ కొమ్మని ఒళ్ళో పెట్టుకుంది. “ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. అప్పుడు, ఆ కట్ట. మొన ఎటువైపు గుచ్చారు?”

“కిందికేనండీ.”

పందిట్లో వల మీద నుంచి మంచు బొట్లు బొట్లుగా పడుతోంది. ఆవిడ మొహంలో అతను ఎన్నడూ చూడనిది కనిపించింది. సిగ్గు. పెద్దవాళ్ళ మొహంలో సిగ్గు చూడటం కష్టంగానే ఉంటుంది, అతను చూపు తిప్పుకున్నాడు.

“తప్పు నాది. అడ్డమైన వాళ్ళందరితోనూ మీ చెయ్యి మంచిది కాదని చెప్పాను. మీరు వింటుండగానే చెప్పాను. ఒక్కసారి కూడా కాదనలేదేం?”

“నాకూ నిజమేననిపించిందండీ. అన్నీ ఎండిపోయాయి కదా.”

ఆ మాటకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఎందుకో నవ్వొచ్చింది. “పాపిష్టి కొమ్మలు, అవి మాత్రం ఏం చేస్తాయి. అప్పుడూ తల మట్టిలోనే, ఇప్పుడూ తల మట్టిలోనే” అంది. నవ్వుకి కట్టు ఉన్న చెయ్యి అదిరి నొప్పెట్టి, “అమ్మా” అని, మళ్ళీ నవ్వింది. అతను కూడా నవ్వాడు. నవ్వు ఒకపట్టాన ఆగలేదు.

“సరే, కూర్చోండి. నేను బెరికి పొడి అద్ది ఇస్తాను. మీరు గుచ్చండి.”

“నేనా?”

“ఇంకెవరున్నారు ఇక్కడ?”

అతను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మొదటి కొమ్మ అందుకున్నాడు. పుల్లతో మట్టిలో దారి చేసి, మొన కిందికి దించి, చుట్టూ అదిమాడు. ఆవిడ చూసి ఊరుకుంది. రెండోది ఇచ్చింది. తర్వాత ఇద్దరి చేతులూ వాటంతటవే ఒక వరసలో పడ్డాయి. భార్య ఆవలిస్తూ వచ్చి, పందిరి గుమ్మంలో ఆగిపోయింది. తల్లి మాట్లాడుతోంది, మొగుడు జవాబు చెబుతున్నాడు. ఆమె కిక్కురుమనకుండా వెనక్కి వెళ్ళి కాఫీ పెట్టింది.

ఆ రోజు నుంచీ అత్తగారు ప్రచారం తిరగేసింది. పాలావిడ వస్తే, “మా అల్లుడుగారు గుచ్చిన కొమ్మలు చూశావా?” చొక్కాలు ఇస్త్రీ చేసేవాడు వస్తే అదే మాట. పాత మాట ఎంతమందికి చెప్పిందో గుర్తుపెట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచి మరీ చెప్పింది. “అప్పుడు పొరపాటు నాదే. నేనొక రకంగా కోస్తే ఆయన ఇంకో రకంగా గుచ్చారు, అంతా ఆయన నెత్తిన వేశాను” అని దాచకుండా చెప్పింది. అప్పటికి ఒక్క చిగురూ రాలేదు. అల్లుడికి భయం పట్టుకుంది. ఇవి కూడా ఎండితే ఇక ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

పొద్దున లేవగానే పందిట్లోకి, రాత్రి పడుకునేముందు పందిట్లోకి. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని ఒకసారి, తక్కువయ్యాయేమోనని ఒకసారి. “నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా మీరు ఇన్నిసార్లు తిరగలేదు” అంది భార్య. ఒక పొద్దున్న అతను పందిట్లోంచి పరుగున వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ముల్లు పక్కన, ఆవగింజంత ఎర్రటి చిగురు. పక్క కవర్లో ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఆమె అతని భుజం మీద తల పెట్టి, వాటివంక చూస్తూ ఉండిపోయింది.

కొన్ని చచ్చాయి, చాలా బతికాయి. అన్నిటికన్నా తమాషా అయినది బల్ల కింద మూలకి జారిపోయిన కవరు. దాన్ని ఎవరూ తిప్పలేదు. అది తలకిందులుగానే ఉండిపోయి, తలకిందులుగానే వేరు పట్టింది. చిగురు నేలవైపు బయల్దేరి, మట్టి తగిలి, ఇది దారి కాదనుకుని వంపు తిరిగి పైకొచ్చింది.

“ఇది నేను గుచ్చింది” అంది అత్తగారు.

“కోసింది నేనండీ” అన్నాడు అల్లుడు.

“ఇద్దరూ తప్పే, అయినా బతికింది. గట్టి పిండం” అంది భార్య.

దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని, గేటు దగ్గరే పెట్టాలని ఆవిడే తీర్మానించింది. కాలువ మీద పలకలు పరిచేశారు. పలకలకి కాస్త లోపలగా, గోడవారన చోటు చూశారు. కట్టు విప్పించుకొచ్చిన కొన్నాళ్ళకి, మొక్కకి ఆకులు నిండుగా వచ్చాక, ఒక సాయంత్రం ముహూర్తం కుదిరింది. ఆవిడ చెయ్యి తిరిగి ఆవిడకి వచ్చేసింది కాబట్టి, గుంట తవ్వి పెట్టి అల్లుడు పక్కకి తప్పుకున్నాడు. పాలావిడ కూడా చూడ్డానికి ఆగింది.

అత్తగారు మొక్క దగ్గరికి వచ్చి, కుడి మణికట్టు ఎడంచేత్తో పట్టుకుని, మొహం ముడిచింది.

“ఇంకా నొప్పిగానే ఉంది. నాకు పట్టు దొరకదు. మీరే నాటండి” అంది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని కవరు చీల్చాడు. వేళ్ళు తెల్లగా అల్లుకుని ఉన్నాయి. మట్టిగడ్డ విడిపోకుండా రెండుచేతుల్లోకి తీసుకుని, గుంటలో దించి, వంపు తిరిగిన కొమ్మ వీధివైపు ఉండేలా తిప్పి, మట్టి కప్పి, అరచేతులతో అదిమాడు. మెల్లగా, సమంగా, చుట్టూ. లేచి నీళ్ళ కోసం చూసేసరికి అత్తగారే పెద్ద డబ్బా పట్టుకుని వస్తోంది. అంచుదాకా నిండిన డబ్బా. కుడిచేత్తో ఎత్తి, ఒక్క చుక్క చిందకుండా, మొక్క మొదలు చుట్టూ సన్నటి ధారగా పోసింది.

భార్య ఆ చెయ్యి చూసింది. ఏదో అనబోయింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

ఆవిడ ధార ఆపి, డబ్బా అలాగే పట్టుకుని, తడిసిన మట్టివంక, తర్వాత అతనివంక చూసింది.

“చాలంటారా?” అని అడిగింది.

అతను వంగి మట్టిని వేలితో నొక్కి చూశాడు.

“ఇంకొంచెం పొయ్యండి” అన్నాడు.

అత్తగారు పోసింది.